పడవకు దూరంగా, చేపకు దగ్గరగా



ఈ రోజు మనం చేపల వేట గురించి మాట్లాడుకుందాం. వల వేసి పట్టే వేట కాదు. చెరువు గట్టున కూర్చుని బెండు ఎప్పుడు మునుగుతుందా అని చూసే వేట కూడా కాదు. పడవ మెల్లగా కదులుతూ ఉంటుంది. దాని వెనక గాలాలు సాగుతూ ఉంటాయి. కంటికి కనబడని చేప, కంటికి కనబడని లోతులో ఉంటుంది. దాన్ని వెతుక్కుంటూ పోవాలి. ఈ వేటను ట్రోలింగ్ అంటారు. ఉత్తర అమెరికాలోని మహా సరస్సుల మీద ఈ వేట ఒక విద్యగా పెరిగింది.

ఆ విద్యలో రెండు సాధనాల గురించి చెబుతాను. ఒకటి, లోపల సీసం ఉన్న తాడు. దాన్ని లెడ్ కోర్ లైన్ అంటారు. రెండోది, నీటి మీద తేలుతూ పడవ నుంచి పక్కకు జరిగిపోయే పలక. దాన్ని ప్లేనర్ బోర్డు అంటారు. మనం సులువుగా సీసం తాడు, పలక అనుకుందాం.

ముందుగా ఒక్క మాట. నేను చెప్పేదంతా మరిచిపోయినా ఈ మాట మాత్రం గుర్తుంచుకోండి. చేప మీదుగా ఎర పోవాలి, పడవ పోకూడదు. మళ్లీ చెబుతున్నాను. చేప మీదుగా ఎర పోవాలి, పడవ పోకూడదు. సీసం తాడైనా పలకైనా ఈ ఒక్క పని కోసమే పుట్టాయి.

ఇది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ముందు ఆ సరస్సుల కథ కొంచెం వినాలి.

అవి ఐదు సరస్సులు. సుపీరియర్, మిషిగన్, హ్యూరాన్, ఈరీ, ఒంటారియో. భూమి పైభాగాన ఉన్న మంచినీటిలో, మంచుగా గడ్డకట్టింది పోగా మిగిలినదాంట్లో, దాదాపు ఐదో వంతు ఈ ఐదింటిలోనే ఉంది. మిషిగన్ సరస్సునే తీసుకోండి. ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 490 కిలోమీటర్లు. బాగా లోతైన చోట 281 మీటర్లు. ఒడ్డున నిలబడితే అవతలి ఒడ్డు కనబడదు. అలలు వస్తాయి. తుఫాన్లు వస్తాయి. నీళ్లు ఉప్పగా ఉండవు అన్నమాటే గానీ, చూడ్డానికి అది సముద్రమే.

ఒంటారియో తప్ప మిగతా నాలుగు సరస్సులకూ సముద్రానికీ మధ్య నయాగరా జలపాతం అడ్డంగా ఉంది. ఓడలు పోవడానికి ఆ జలపాతాన్ని చుట్టి వెళ్లే వెలండ్ కాలువ తవ్వారు. 1829లో అది తెరుచుకుంది. ఓడలు వచ్చిన దారినే పిలవని చుట్టాలూ వచ్చాయి. అందులో ఒకటి సీ లాంప్రే. పాములాంటి ఒళ్లు, గుండ్రటి నోరు, నోటి నిండా పళ్లు. పెద్ద చేపను కరుచుకుని రక్తం పీల్చేస్తుంది. రెండోది ఏల్‌వైఫ్ అనే చిన్న వెండి చేప. ఇది మన గోదావరి పులసకు దూరపు చుట్టం. పులసలాగే ఇదీ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మంచినీటిలోకి ఎగబాకే రకం.

లాంప్రే వచ్చి సరస్సులోని పెద్ద చేప లేక్ ట్రౌట్‌ను దాదాపు తుడిచిపెట్టింది. తినే పెద్ద చేప లేకపోవడంతో ఏల్‌వైఫ్ అడ్డూ అదుపూ లేకుండా పెరిగింది. 1967 వేసవిలో అవి కోట్ల కొద్దీ చచ్చి మిషిగన్ సరస్సు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. షికాగో తీరమంతా కుళ్లిన చేపల కంపు. యంత్రాలు పెట్టి ఎత్తి పోయాల్సి వచ్చింది.

అంతకుముందే, మిషిగన్ రాష్ట్ర మత్స్యశాఖను నడిపిస్తున్న హోవార్డ్ టానర్ ఒక సాహసం చేశారు. ఎక్కడో పసిఫిక్ తీరాన ఉన్న ఆరెగాన్ నుంచి కోహో సాల్మన్ గుడ్లు తెప్పించారు. పిల్లలను పెంచి 1966 వసంతకాలంలో సరస్సులో కలిసే నదుల్లో వదిలించారు. మరుసటి ఏడు చినూక్ సాల్మన్‌ను కూడా వదిలారు. సాల్మన్‌లకు కడుపునిండా ఏల్‌వైఫ్‌లు దొరికాయి. జనానికి వేట దొరికింది. ఒకప్పుడు చచ్చిన చేపలతో నిండిన తీరాలకు, ఇప్పుడు గాలాలు పట్టుకుని మనుషులు రావడం మొదలుపెట్టారు. ఈ ట్రోలింగ్ విద్య అక్కడ ఇంతగా పెరగడానికి మూలం అదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. 1988లో మరో చుట్టం బయటపడింది. జీబ్రా మసల్ అనే చిన్న ఆల్చిప్ప. విదేశాల నుంచి వచ్చే ఓడలు బరువు కోసం అడుగున నింపుకొచ్చే నీళ్లలో అది వచ్చింది. వెనకే క్వాగా మసల్ అనే దాని దాయాది వచ్చింది. ఇవి నీటిని వడకట్టి బతుకుతాయి. గోరంత ఆల్చిప్ప రోజుకు దాదాపు లీటరు నీటిని వడకట్టగలదు. అలాంటివి సరస్సు అడుగంతా పరుచుకుంటే ఏమవుతుంది? నీళ్లు తేటబడ్డాయి. ఎంతో లోతుదాకా కళ్లకు కనబడేంత తేటబడ్డాయి.

చూడ్డానికి ఎంతో అందం. కానీ ఆ నీటిలో బతికే చిన్న జీవులకు తిండి తగ్గింది. వేటగాడికి కూడా కొత్త చిక్కు వచ్చింది. నీళ్లు మురికిగా ఉన్నప్పుడు పడవ పక్కనే వెళ్లినా చేప పట్టించుకోదు. నీళ్లు తేటగా ఉంటే పడవ నీడ కనబడుతుంది. ఇంజను చప్పుడు ఎలాగూ వినబడుతుంది. పైపైన తిరుగుతున్న చేప అది తెలియగానే పక్కకు తప్పుకుంటుంది, లేదా కిందికి దిగిపోతుంది. పడవ వెనకనే సాగుతున్న ఎర, చేపలు ఖాళీ చేసి వెళ్లిన చోటు మీదుగా పోతుంది.

అందుకే మొదట ఆ మాట చెప్పాను. చేప మీదుగా ఎర పోవాలి, పడవ పోకూడదు.

మరి ఎరను పడవ నుంచి దూరం చేయడం ఎలా? రెండు వైపులా దూరం చేయాలి. కిందికి దూరం చేయాలి, పక్కకు దూరం చేయాలి. కిందికి తీసుకెళ్లే పని సీసం తాడుది. పక్కకు తీసుకెళ్లే పని పలకది. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు సీసం తాడు. మధ్యలో సన్నని సీసపు తీగ ఉంటుంది. దాని చుట్టూ గట్టి దారాలతో అల్లిన తొడుగు ఉంటుంది. సీసం బరువుకు తాడు మునుగుతుంది. తొడుగు బలానికి చేప లాగినా తెగకుండా నిలుస్తుంది. మామూలుగా గాలానికి గుండు కడితే బరువంతా ఒకే చోట ఉంటుంది. ఇక్కడ బరువు తాడు పొడవునా పరుచుకుని ఉంటుంది. అందువల్ల ఎర నిటారుగా కిందికి జారిపోదు. పడవ వెనక ఎంతో దూరాన, ఏటవాలుగా, మెల్లగా లోతుకు దిగుతుంది.

ఈ తాడుకు ఒక ముచ్చటైన ఏర్పాటు ఉంది. ప్రతి 30 అడుగులకు దాని రంగు మారుతుంది. కాబట్టి అక్కడి వేటగాళ్లు దీన్ని అడుగుల్లో లెక్కపెట్టరు. రంగుల్లో లెక్కపెడతారు. ఒక పడవ నుంచి ఇంకో పడవను అడుగుతారు, ఎన్ని రంగుల మీద పడ్డాయి అని. ఐదు రంగుల మీద అని జవాబు వస్తుంది. అంతే, విషయం తెలిసిపోతుంది.

రంగుకు ఎంత లోతు? మామూలు సాల్మన్ వేటలో, పడవ గంటకు 2 మైళ్ల పైచిలుకు వేగంతో పోతుంటే, ఒక్కో రంగుకు సుమారు 5 అడుగుల లోతు అనుకుంటారు. అంటే 30 అడుగుల తాడు వదిలితే 5 అడుగులు దిగుతుంది. ఐదు రంగులు వదిలితే 25 అడుగుల లోతు. పది రంగులు వదిలితే 50 అడుగుల లోతు. రంగుకు ఐదు అడుగులు. ఈ లెక్క గుర్తుంచుకోండి. ఇది రాతి మీద గీత కాదు, బయలుదేరడానికి ఒక అంచనా. పడవ నెమ్మదిస్తే తాడు ఇంకా దిగుతుంది. వేగం పెరిగితే పైకి లేస్తుంది. తాడు మందం మారినా, ఎర బరువు మారినా లోతు మారుతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. లోతుకు పంపడానికి వేరే సాధనం లేదా? ఉంది. డౌన్‌రిగ్గర్ అని ఒకటి ఉంది. ఉక్కు తీగకు బరువైన గుండు కట్టి పడవ పక్కనుంచి నేరుగా దించుతారు. నడి వేసవిలో చేప బాగా లోతున, చల్లటి నీటి పొరలో ఉన్నప్పుడు దానికి మించింది లేదు. సీసం తాడు అంత లోతుకు సులువుగా పోలేదు. కానీ ఆ గుండు, ఆ తీగ పడవ కిందనే ఉంటాయి. కదిలే నీటిలో తీగ రొద కూడా చేస్తుంది. చేప బెదురుతున్న రోజున, వందల అడుగుల వెనక చప్పుడు లేకుండా వచ్చే సీసం తాడే మేలు. పడవ వెళ్లిపోయింది, గండం గడిచింది అని చేప కుదుటపడే వేళకు ఎర దాని ముందుకు వస్తుంది.

ఇప్పుడు పలక సంగతి. సుమారు అడుగు పొడవుండే తేలే పలక. పసుపో నారింజో, దూరానికి కనబడే రంగు వేస్తారు. అడుగున కాస్త బరువు ఉంటుంది కాబట్టి నీటిలో నిలువుగా అంచు మీద నిలబడుతుంది. ముందు భాగం ఏటవాలుగా కోసి ఉంటుంది. గాలం తాడును పట్టుకోవడానికి దానికి పట్టుకొక్కెంలాంటి క్లిప్పులు ఉంటాయి. ఎడమ వైపుకు ఒక పలక, కుడి వైపుకు ఒక పలక. మామూలుగా ఒకదాని చోట ఇంకొకటి పనికిరాదు.

మోటారు లేదు, తెడ్డు లేదు. మరి పక్కకు ఎలా పోతుంది? పాపికొండలకు లాంచీలో వెళ్లినప్పుడు నీళ్లలో చెయ్యి పెట్టి ఉంటారు కదా. అరచేతిని ఏటవాలుగా తిప్పి చూడండి. నీళ్లు చేతిని పక్కకు నెట్టేస్తాయి. పలకకు జరిగేది కూడా అదే. పడవ ముందుకు లాగుతుంది. నీళ్లు ఏటవాలు ముఖాన్ని పక్కకు తోస్తాయి. ఆ రెండింటి మధ్య పలక పడవకు దూరంగా జరిగి, అక్కడే పడవతో సమానంగా ప్రయాణం చేస్తుంది.

ఈ సూత్రం మన మత్స్యకారులకు కొత్తది కాదు. విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో ట్రాలర్ల వెనక భాగాన రెండు బరువైన బోర్డులు వేలాడుతుంటాయి. ఆటర్ బోర్డులు అంటారు. నీటిలోకి దిగాక అవి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి తోసుకుపోయి వల నోటిని తెరిచి ఉంచుతాయి. అవి లోతున పనిచేస్తాయి, ఇవి నీటి మీద పనిచేస్తాయి. అవి వల నోరు తెరుస్తాయి, ఇవి గాలాలను విడదీస్తాయి. నడిపించే బలం ఒకటే. చేపలు పట్టడంలో ఖండాలు దాటిన ఇలాంటి తెలివి చూస్తే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది.

ఇంతవరకు ఏం చెప్పుకున్నాం? సీసం తాడు ఎరను కిందికి తీసుకుపోతుంది. పలక ఎరను పక్కకు తీసుకుపోతుంది. ఇప్పుడు రెండింటినీ ఎలా కలపాలో చూద్దాం. ఒక్కో మెట్టూ మెల్లగా చెబుతాను.

రీలులో తాడు మూడు భాగాలుగా ఉంటుంది. అన్నిటికంటే అడుగున, రీలును ఆనుకుని, చాలా పొడవుగా మామూలు తాడు చుడతారు. దాని మీద సీసం తాడు. దాని చివర కొన్ని పదుల అడుగుల తంగూసు. తంగూసు కొసకు ఎర. సాల్మన్‌కు ఎక్కువగా స్పూన్ అనే పల్చటి మెరిసే లోహపు రేకు కడతారు. నీటిలో అది అటూ ఇటూ ఊగుతూ చిన్న చేపలా మెరుస్తుంది. తేట నీటిలో తంగూసు చేప కంటికి తేలిగ్గా ఆనదు. అందుకే సీసం తాడుకు, ఎరకు మధ్య అది తప్పక ఉండాలి.

పడవను మనిషి నడకంత వేగంలో పెట్టండి. గంటకు 2 నుంచి 3 మైళ్లు. ఎరను పడవ పక్కన నీటిలో వేసి ఊగుతోందో లేదో చూడండి. బాగుంటే వదలండి. ముందు తంగూసు పోతుంది. తరవాత సీసం తాడు, రంగు తరవాత రంగు పోతుంది. చివరి రంగు కూడా నీటిలోకి పోయి, మామూలు తాడు కనబడాలి. అప్పుడే ఆగండి. అప్పుడే పలకను తగిలించండి.

ఇది చాలా ముఖ్యం కాబట్టి ఇంకోసారి. పలకను సీసం తాడుకు తగిలించకూడదు. సీసం అంతా వెళ్లాక, దాని వెనక వచ్చే మామూలు తాడుకు తగిలించాలి. కారణం ఉంది. క్లిప్పు గట్టిగా నొక్కితే తొడుగు లోపల సీసం నలుగుతుంది, మడత పడుతుంది, విరుగుతుంది. విరిగిన చోట తాడు బలహీనపడుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఒక రీలుకు మూడు రంగులు, ఇంకో రీలుకు ఐదు, మరోదానికి పది, ఇలా ముందే చుట్టి పెట్టుకుంటారు. ఏ లోతు కావాలంటే ఆ రీలు తీస్తారు. మొత్తం వదులుతారు. పలక పెడతారు.

క్లిప్పు పట్టు సంగతి కూడా చూసుకోవాలి. వెనక చుట్టిన మామూలు తాడు తంగూసు అయితే క్లిప్పులో బాగా నిలుస్తుంది. అల్లిక తాడైతే జారిపోతుంది. అప్పుడు క్లిప్పు చుట్టూ రెండు మూడు చుట్లు వేసి బిగించాలి. లేదంటే చేప పడినప్పుడు పలక జారి ఎటో పోతుంది.

పలక తగిలించాక నీటిలో పెట్టి, తాడు మెల్లగా వదలండి. పలక దానంతట అదే పక్కకు బయలుదేరుతుంది. కావలసినంత దూరం పోయాక రీలు బిగించి, రాడ్‌ను పడవ అంచున ఉన్న గొట్టంలో నిలబెట్టండి. పొడవైన సీసం తాడు బరువు ఎక్కువ. పది రంగులు లాగాలంటే పెద్ద పలక కావాలి. చిన్న పలకకు అంత బరువు కడితే వెనక్కి ఈడ్చుకుపోయి, మునిగిపోతుంది.

ఒకే వైపు రెండు మూడు పలకలు పెట్టాలంటే వరస తెలియాలి. పొట్టి తాడు బయట, పొడుగు తాడు లోపల. అంటే పైపైన పోయే ఎర అన్నిటికంటే దూరంగా ఉండాలి. లోతున పోయే ఎర పడవకు దగ్గరగా ఉండాలి. ఇలా ఎందుకు? బయటి పలకకు చేప తగిలిందనుకోండి. అది మెల్లగా వెనక్కి జారి, పడవ వెనక మధ్యకు వస్తుంది. వచ్చే దారిలో మిగతా తాళ్లు ఉంటాయి. అవి లోతుగా ఉంటే చేప వాటి పైనుంచి వచ్చేస్తుంది. వరస తారుమారైతే అన్ని తాళ్లూ ఒకదానికొకటి చుట్టుకుంటాయి. ఆ చిక్కు విప్పడానికి పూట గడిచిపోతుంది. పొట్టి తాడు బయట, పొడుగు తాడు లోపల.

ఇప్పుడు ఈ జంటలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం చెబుతాను. పడవను కొంచెం ఎడమకు తిప్పండి. ఎడమ పలక వలయం లోపలి వైపుకు వస్తుంది. అది నెమ్మదిస్తుంది. దాని తాడు లోతుకు దిగుతుంది. కుడి పలక బయటి వైపున పెద్ద చుట్టు తిరగాలి కాబట్టి వేగం అందుకుంటుంది. దాని తాడు పైకి లేస్తుంది. ఒక్క మలుపుతో రెండు వేగాలు, రెండు లోతులు పరీక్షించినట్టే. మలుపులో లోపలి వైపే చేపలు పడుతున్నాయంటే ఏమర్థం? ఇంకా నెమ్మదిగా, ఇంకా లోతుగా రమ్మని చేప చెబుతోంది. బయటి వైపు పడుతుంటే వేగం పెంచమంటోంది. అందుకే గీత గీసినట్టు తిన్నగా పోకండి. మెలికలు తిరుగుతూ పోండి. తిరిగాక చేప ఏ వైపు పడిందో గమనించండి. సరస్సు మీద మనకు జవాబు చెప్పేది అదొక్కటే.

చేప పడినట్టు ఎలా తెలుస్తుంది? పలకను చూడండి. అంతవరకు తోటి పలకలతో వరసగా పోతున్నది ఒక్కసారిగా వెనకబడుతుంది. పెద్ద చేపైతే తల మునకలవుతూ వెనక్కి పోతుంది. అప్పుడు కంగారు పడి పడవ ఆపకండి. పడవ ఆగితే మిగతా పలకలన్నీ పట్టు కోల్పోతాయి. సీసం తాళ్లన్నీ కిందికి జారిపోయి చుట్టుకుంటాయి. పడవ వేగం కొంచెం తగ్గించవచ్చు, ఆపకూడదు. ఒకరు రాడ్ అందుకుని నిదానంగా, తెరిపి లేకుండా చుట్టాలి. తాడు వదులు కాకూడదు. పలక చేతికి అందేంత దగ్గరకు వచ్చాక రెండోవారు దాన్ని విప్పాలి. ఆ క్షణంలో చుట్టేవారు ఆగినా తాడు బిగువు తగ్గకూడదు. చేపలు జారిపోయేది చాలాసార్లు ఇక్కడే. పలక తీశాక సీసం తాడు, దాని వెనక తంగూసు, ఆ వెనక చేప. చేతి వల సిద్ధంగా ఉంచుకోండి. ఇది ఇద్దరు కలిసి చేసే పని. ఒక్కరే ఉంటే ఒకటో రెండో తాళ్లు చాలు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. పెద్ద చేప పడితే పలక వెంటనే చెబుతుంది. చిన్న చేప పడితే చెప్పకపోవచ్చు. మనకు తెలియకుండానే ఆ పిల్ల చేప గంటసేపు నీటిలో ఈడ్చబడుతుంది. అది అన్యాయం. పలక కొంచెం తడబడినా, మిగతావాటికన్నా వేలెడు వెనకబడినా తీసి చూడండి. వేటలో జాలి కూడా ఒక భాగమే.

ఏ కాలంలో ఎన్ని రంగులు? మిషిగన్ సరస్సు దక్షిణపు అంచున, షికాగో వైపు, ఏప్రిల్, మే నెలల్లో కోహో సాల్మన్ ఒడ్డుకు దగ్గరగా, పైనీళ్లలో తిరుగుతుంది. అప్పుడు పొట్టి సీసం తాళ్లు, బాగా దూరంగా పలకలు. వేసవిలో పైనీళ్లు వేడెక్కుతాయి. చినూక్‌కు 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ చల్లదనం హాయి. అది ఎక్కడుంటే అక్కడికి దిగిపోతుంది. అప్పుడు పది రంగులు, అంతకన్నా లోతుకు డౌన్‌రిగ్గర్. వేసవి చివర సాల్మన్ తాను బయలుదేరిన నదుల ముఖద్వారాల దగ్గర గుమిగూడుతుంది. ఈరీ సరస్సు లోతు తక్కువ. అక్కడ వాలై అనే చేపకు ఇవే పలకలు వాడతారు, పడవను ఇంకా నెమ్మదిగా నడుపుతారు.

ఈ ప్రసంగం వింటున్నవారిలో డెట్రాయిట్, షికాగో, మిల్వాకీ, క్లీవ్‌లాండ్ చుట్టుపక్కల స్థిరపడినవారు, అక్కడ పిల్లలు ఉన్నవారు ఉంటారు. మీకు ప్రత్యేకంగా నాలుగు మాటలు.

వేటకు లైసెన్సు తప్పనిసరి. మిషిగన్‌లో 17 ఏళ్లు నిండిన ప్రతివారికీ కావాలి. అద్దె పడవలో కెప్టెన్‌తో వెళ్లినా మీ లైసెన్సు మీకు ఉండాలి. ఒక్కొక్కరు ఎన్ని గాలాలు వేయవచ్చు, ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు అన్నది రాష్ట్రం రాష్ట్రానికీ మారుతుంది. వెళ్లేముందు చదువుకోండి. మొదటిసారి అయితే కెప్టెన్ ఉన్న పడవలో వెళ్లడమే మంచిది. పక్కన నిలబడి చూస్తే నేను చెప్పిన మెట్లన్నీ ఒక్క పూటలో బోధపడతాయి.

సీసం విషం. అది మరవకండి. సీసం తాడును పళ్లతో కొరకకండి. తాడు ముట్టుకున్న చేతులతో అన్నం డబ్బా తెరవకండి. ముందు సబ్బుతో కడుక్కోండి. పిల్లల చేతికి ఇవ్వకండి. తెగిన ముక్కలు నీటిలో పారేయకండి, జేబులోనో డబ్బాలోనో వేసుకుని ఒడ్డుకు తీసుకురండి. అక్కడి సరస్సుల్లో లూన్ అనే అందమైన నీటిపక్షి ఉంది. చిన్న చిన్న సీసపు గుళ్లు మింగి ఆ పక్షులు చచ్చిపోతున్నాయి. మన సరదాకు ఇంకో ప్రాణి మూల్యం చెల్లించకూడదు.

ఇంక పులుసు సంగతి. మన ఇంట చేప వచ్చిందంటే పులుసు పెట్టాల్సిందే కదా. ఈ సరస్సుల్లోని పెద్ద చేపల కొవ్వులో పీసీబీ అనే పాత పారిశ్రామిక రసాయనాలు చేరి ఉన్నాయి. చేప ఎంత పెద్దదై, ఎంత ముసలిదైతే అంత ఎక్కువ. కాబట్టి చర్మం తీసేయండి. పొట్ట దగ్గర, వీపు మీద ఉండే కొవ్వు కోసి పారేయండి. ఆ తరవాతే పులుసు. కొవ్వుతో సహా వండితే ఆ రసాయనం పులుసులోనే ఉండిపోతుంది. ఇలా కోసినా పాదరసం మాత్రం పోదు, అది కండలోనే ఉంటుంది. అందుకని గర్భిణులు, పసిపిల్లలు ఏ చేప, నెలకు ఎన్నిసార్లు తినవచ్చో రాష్ట్ర ఆరోగ్య శాఖలు సూచనలు ఇస్తాయి. అవి చూసుకుని తినండి.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. 1967 సెప్టెంబరులో, ఆ కొత్త సాల్మన్ కోసం జనం చిన్న చిన్న పడవల్లో మిషిగన్ సరస్సు మీదికి ఎగబడ్డారు. వాతావరణం మారుతుందన్న హెచ్చరికను చాలామంది లెక్కచేయలేదు. గాలి లేచింది. ఏడుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ సరస్సు ఇప్పుడు కూడా అంత తొందరగానే మారుతుంది. పలకలు దూరంగా పరిచి, తాళ్లు వెనక వందల అడుగులు వదిలిన పడవ గబుక్కున తిరగలేదు. తాళ్లు చుట్టుకోవడానికే బోలెడు సమయం పడుతుంది. కాబట్టి పడమటి ఆకాశంలో మబ్బు కనబడగానే పలకలు తీసేయండి. చేపలు బాగా పడుతున్న వేళైనా సరే, తీసేయండి. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, సీటు కింద కాదు.

చెప్పినవి మూడు మాటల్లో మళ్లీ గుర్తు చేస్తాను. రంగుకు ఐదు అడుగుల లోతు. పలక ఎప్పుడూ సీసం తాడుకు కాదు, మామూలు తాడుకు. పొట్టి తాడు బయట, పొడుగు తాడు లోపల. వీటి వెనక ఉన్న సూత్రం ఒక్కటే. చేప మీదుగా ఎర పోవాలి, పడవ పోకూడదు.

మహా సరస్సుల దగ్గర ఉన్న మన కుటుంబాలకు నా మనవి ఒకటే. వచ్చే వేసవిలో ఒక ఉదయం పిల్లలను తీసుకుని సరస్సు మీదికి వెళ్లండి. లైసెన్సు తీసుకోండి, వాతావరణం చూసుకోండి, లైఫ్ జాకెట్లు తొడుక్కోండి. తినగలిగినన్ని చేపలే ఉంచుకోండి. మిగతావాటిని నీటిలోనే వదిలిపెట్టండి.